ఎంగిలి బొగ్గు

నందలూరు షెడ్డులో ఇంజన్లు
తెల్లారుజామున బూడిద దులుపుకునేవి.
మా జేజి పెంచలమ్మ
జల్లెడ చంకలో పెట్టుకుని
గుంత గట్టున కాచుకోనుండేది.

కాలిందంతా బూడిద.
కాలనిదంతా కంపెనీది.
సగం కాలింది మాత్రం జేజిది.
ఏ రూల్సు పుస్తకంలోనూ ఈ మాట లేదు,
అయినా షెడ్డులో ప్రతి ఇంజనుకూ తెలుసు.

ఆ బొగ్గు
ఇస్త్రీపెట్టె కడుపులో మళ్ళీ కండ్లు తెరిచేది.
గార్డు తెల్లచొక్కా, టీటీ నల్లకోటు,
స్టేషన్ మాస్టరు కూతురి పరికిణీ
ఇంజను ఎంగిలితోనే ముడతలు విప్పుకునేవి.
"మద్రాసు మెయిలును లాగిన నిప్పు
నా చేతిలో కాలర్లు లాగుతాంది" అని నవ్వేది.
"ఎంగిలైతే ఏమి?
నిప్పుకు అంటు లేదు."

షెడ్డు ఈడ కట్టింది మా మొగాలు చూసి కాదు,
చెయ్యేరు తీపి చూసి.
ఉప్పునీళ్ళు తాగిన బాయిలరుకు
గొంతులో సున్నం పేరుకుంటాదంట.
మనుషులం మేము ఏ నీళ్ళు తాగినామో
ఎవురూ పరీక్ష చేయలా.

ఫైర్‌మ్యాన్ ఖాసీంపీరా చెయ్యి
అప్పుడప్పుడు జారేది.
పారెడు పచ్చిబొగ్గు గుంతలో పడేది.
ఫోర్‌మన్ అరిస్తే
"చెమట సార్, పార నిలవలా" అనేవాడు.
డిసెంబరు చలిలోనూ అదే మాట.

ఆవిరిని నేను పొగడను.
ఖాసీంపీరా దగ్గితే రుమాల మీద నల్లగా పడేది.
ఆయన ఖాకీచొక్కా మూడుసార్లు జాడించినా
మూడో నీళ్ళూ నల్లగానే ఏట్లోకి పోయేవి.
ఆఖరి చొక్కాకు జేజి కూలి తీసుకోలా.
కాలరు మీద మాత్రం
పెట్టెను రెండుసార్లు నడిపించింది.

డీజిల్ బండి వచ్చినపొద్దు
పూలదండ వేసి టెంకాయ కొట్టినారు.
జేజి జల్లెడతోనే పోయింది.
అది నిలబడింది, ఉరిమింది, పోయింది.
పట్టాల నడుమ నాలుగు చుక్కల చమురు.
వేలితో తీసి, వాసన చూసి,
ఇంటికొచ్చి తలుపు బందులకు పూసింది.
"ఇది తాగేదే, పెట్టేది కాదు."
తలుపు మాత్రం ఆ పొద్దు నుంచి
కిర్రుమనలా.

షెడ్డు మూసినారు.
రాత్రి రెండు గంటలకు పుస్తకం పట్టుకుని
డ్రైవర్ల తలుపులు తట్టిన కాల్‌బాయ్ దస్తగిరి
పని పోయినాక కూడా రెండుకే లేచి
క్వార్టర్సంతా తిరిగి
ఎవురినీ లేపకుండా
ఇంటికొచ్చి పడుకునేవాడు.

ఆమీట తీగలొచ్చినాయి.
కరెంటు బండి ఏమీ మిగల్చదు.
వచ్చినట్టు తెలీదు, పోయినట్టు తెలుస్తాది.
ఇప్పుడు నా పెట్టెకూ కరెంటే.
మిట్టమధ్యాన్నం సరఫరా పోతే
పెట్టె చల్లబడతాది,
రైలు మాత్రం అంగడి ముందర నుంచే పోతాంటాది.
దాని తీగ వేరు.
ఒకే పొయ్యిలోది తిని బతికినామని
దానికేం గుర్తు!

మొన్న, సిగ్నళ్ళు చూసే గంగాభవాని
యూనిఫారం తీసుకుంటా చెప్పింది:
ఎండతో నడిచేవి వస్తాయంట,
బ్యాటరీతో నడిచేవి వస్తాయంట,
ఇంకోటుందంట, హైడ్రోజన్‌ది,
పొగ బదులు నీళ్ళు వదులుతాదంట.
"నీళ్ళంటే?" అన్నాను.
"నీళ్ళేనన్నా. తాగే నీళ్ళ మాదిరివే."
చిల్లర లెక్కబెట్టుకోకుండానే పోయింది.

జేజి ఉండింటే
ఆ మాట సగంలోనే లేచి
పట్టాల కాడికి పోయుండేది.
పెట్టె పెట్టకముందు
గుడ్డ మీద నాలుగు చుక్కలు పడాల కదా,
చెయ్యేట్లో ఇప్పుడు ఇసకే కదా.

ఆ బండి ఈ దోవన వస్తాదో రాదో.
అటక మీద జల్లెడ కిందికి దించి
దుమ్ము దులిపి చూసినాను.
దీంట్లో నీళ్ళు నిలవవు.

చెంబు తోమి పెట్టినాను.